సున్నం కింది బిందెలు

మిల్లు మూతపడ్డాక పోయినవాటిని నేను చాలాసార్లు లెక్కపెట్టుకున్నాను. పల్లికాయ ఒలిచే యంత్రాలు రెండు. గింజను పిండి నూనె తీసేవి ఆరు. బాయిలరు ఒకటి, దానికి ఇటుకలతో కట్టిన పొగగొట్టం ఒకటి. బస్తాలు తూచే పెద్ద కాంటా ఒకటి. పూటపూటకూ కూసే సైరన్ ఒకటి. అది ఆగిపోయాక మా నాన్నకు చాలాకాలం పగటిపూట ఆకలి ఎప్పుడవుతుందో తెలియలేదు. వేపచెట్లు మూడు. కూలీల ఇండ్లు ఇరవై రెండు. వాటిలో ఇరవై ఇండ్లకు ఇప్పుడు పునాది రాళ్లే మిగిలాయి. నీళ్ల నల్లా ఒకటి.

యంత్రాలు పాత ఇనుము కింద పోయాయి, కాబట్టి వాటి లెక్క ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది. నల్లా లెక్క మాత్రం మా అమ్మ దగ్గర ఉండిపోయింది.

గద్వాల ఊరి బయట ఉండేది ఆ నూనె మిల్లు. మా నాన్న బస్తాలు మోసేవాడు. అమ్మ గింజలు ఏరేది. మిల్లు వెనక ఎదురెదురుగా రెండు వరుసల్లో కట్టిన ఇండ్లను లైన్లు అనేవాళ్లం. నేను అక్కడే పుట్టాను, పన్నెండేళ్ల దాకా అక్కడే పెరిగాను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. లెక్కలు తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు వనపర్తిలో నాలుగు దుకాణాలకు పద్దులు రాసి బతుకుతున్నాను. కూడికలు ఎక్కడ నేర్చావని ఎవరైనా అడిగితే మా ఇంటి గోడ మీద అని చెబుతాను. ఎక్కువమంది నవ్వి ఊరుకుంటారు.

ఆ గోడ సంగతి ఇది. ఇరవై రెండు ఇండ్లకూ నల్లా ఒకటే. మిల్లు మోటరు ఆడినంతసేపే నీళ్లు. మామూలు రోజుల్లో ఇంటికి నాలుగు బిందెలు, ఎండాకాలం రెండు. ఇంట్లో పురుడో చావో వస్తే ఆ నీళ్లు చాలవు. అప్పుడు పక్కవాళ్లు తమ వంతు బిందె ఇచ్చేవాళ్లు. అది దానం కాదు, బదులు. ఇచ్చిన ఆమె తిరిగి వెళ్లేటప్పుడు తీసుకున్న వాళ్ల వాకిలి పక్క గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. బిందెకు ఒక గీత. తనకు అవసరమైన రోజున వరుసలో తన బిందెను బాకీ ఉన్నవాళ్ల బిందె చోట పెట్టి నింపుకుని, తడిగుడ్డతో ఒక గీత తుడిచేది. గీసిన చెయ్యే తుడవాలి. తీసుకున్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. పండుగకు ఇంటికి సున్నం వేసినా గీతలున్న మేర వదిలేసి వేసేవాళ్లు. అందుకే లైన్లలో ప్రతి వాకిలి పక్కన చెయ్యి వెడల్పున మాసిన గోడ ఒకటి ఉండేది. దాన్ని చూసి ఎవరూ సిగ్గుపడేవాళ్లు కాదు.

ఇంకో నియమం, మా మాటలో కాయిదా, కూడా ఉండేది. ఇచ్చిన మనిషి కాకుండా ఇంకెవరి వల్లనైనా గీత చెరిగిపోతే, ఆ బాకీ చెరిపినవాళ్ల మీద పడుతుంది. ఒకసారి బాయిలరు దగ్గర పనిచేసే ఆయన ఇంటి మేక వచ్చి మా ఎదురింటి గోడకు వీపు రుద్దుకుంది. మూడు గీతలు పోయాయి. మేకను నిలబెట్టి అడిగితే ఏం లాభం? ఆయన భార్య మూడు రోజులు మూడు బిందెలు మోసింది. మోస్తూ మేకను తిట్టిన తిట్లు మా ఆడవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వారు.

మా తమ్ముడు ఎండాకాలం పుట్టాడు. అప్పుడు ఇంటికి రెండు బిందెల వంతు నడుస్తోంది. బాలింత ఇంట్లో రెండు బిందెలు ఏ మూలకూ సరిపోవు. పక్కింటి అత్త తన రెండింటిలో ఒకటి రోజూ మాకిచ్చింది. వాళ్లు బల్మూర్ దిక్కునుంచి పనికోసం వచ్చిన క్రైస్తవులు. నలుగురు మనుషులున్న ఇల్లు. ఒక్క బిందెతో ఎట్లా గడుపుకున్నారో నాకు ఇప్పటికీ లెక్క తేలదు. మా గోడ మీద ఇరవై మూడు గీతలు పడ్డాయి. వానలు పడ్డాక వంతు మళ్లీ నాలుగైంది, ఆమెకు అవసరం తక్కువపడింది. మెల్లమెల్లగా ఆరు తీసుకుంది. ఇంతలో మిల్లు మూతపడింది. మోటరు మిల్లుదే కాబట్టి నల్లా కూడా ఆగిపోయింది.

వాళ్లు మేస్త్రీ వెంట పుణె దిక్కు పోయిన పొద్దున నేను వాకిట్లోనే ఉన్నాను.

"తుడిచి పో వదినె," అన్నది అమ్మ. "మల్ల ఎప్పుడొస్తవో ఏమో."

"తుడువ. తడిగుడ్డ కావద్దా తుడువనీకి? నీల్లేడున్నయి?" అని నవ్వి, నెత్తిన మూట సర్దుకున్నది అత్త. "ఉండనియ్యి. మల్లొచ్చి తీస్కుంట."

కొద్ది నెలలకు మేమూ ఇల్లు ఖాళీ చేసి వనపర్తికి వచ్చాం. అమ్మ ఒకసారి బల్మూర్ పోయేవాళ్లతో కబురు పంపింది. అక్కడ ఆ ఇల్లే కూలిపోయిందని, మనుషులెవరూ లేరని చెప్పారు. ఆ తర్వాత ఎండాకాలం వచ్చినప్పుడల్లా అమ్మ నోటినుంచి ఆ మాట ఏదో ఒక పూట వచ్చేది. "ఆమె వచ్చి తుడిచిపోయి ఉంటదా?" తమ్ముడు పెద్దవాడై లారీ నడపడానికి పోయాడు, నాన్న పోయాడు, అమ్మ మోకాళ్లు అరిగాయి. ఆ ప్రశ్న మాత్రం ఉంది.

కిందటేడు లైన్లలో పుట్టినవాళ్లు కొందరు కలిసి మిగిలిన రెండు ఇండ్లను బాగుచేసి, మిల్లు బతుకు మీద మ్యూజియం పెట్టారని తెలిసింది. మిగిలిన ఆ రెండిండ్లలో ఒకటి మాదే. ఇది విన్న రోజునుంచి అమ్మకు నిలకడ లేదు. మోకాళ్లకు నూనె రాయించుకుంటూ రోజూ అడిగింది, ఎప్పుడు పోదామని. ఆమెకు మ్యూజియం అక్కర్లేదు. గోడ కావాలి. గీతలు ఉంటే అత్త రాలేదన్నట్టు. తడిగుడ్డ మరక ఉంటే వచ్చింది, తన చేత్తో బాకీ వదిలేసింది అన్నట్టు. ఆ రెండింటిలో ఏదో ఒకటి తెలిస్తే చాలు.

ఒక ఆదివారం బస్సెక్కాం. బీచుపల్లి వంతెన మీద కృష్ణకు అందరూ చేతులు జోడిస్తే అమ్మ కూడా జోడించి, "ఎన్ని నీల్లు సూడు," అన్నది.

మ్యూజియం చూసుకునేది బాయిలరాయన కొడుకు, మేక వాళ్ల అబ్బాయి. నలభై దాటాయి. గద్వాలలో మోటర్ల వైండింగు దుకాణం ఉంది. ఆదివారాలు వచ్చి తాళం తీస్తాడు. అమ్మను చూడగానే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. మొదటి ఇంట్లో సామాన్లు: గింజలు జల్లించే జల్లెళ్లు, బస్తాలు లాగే ఇనుప కొక్కేలు, నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్లలు, ఒక కందిలి, మిల్లు గేటు తాళం. నాన్న కొక్కెం వీటిలో ఉందేమోనని చూశాను. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఒక మూల పాత నల్లా గొట్టం నిలబెట్టి, దాని ముందు బిందెలు వరుసగా పేర్చారు. సత్తువి, ఇత్తడివి, రేకువి. తొమ్మిది.

అమ్మ ఆరో బిందె దగ్గర ఆగింది. దాని అడుగున తారుతో వేసిన పెద్ద అతుకు ఉంది.

"ఇది పక్కింటోల్లది."

"అవును పెద్దమ్మా. ఆమె బిడ్డె ఇచ్చింది. నిరుడు ఇండ్లిండ్లు తిరిగి జమచేసిన."

"ఆమె..." అని అమ్మ ఆగింది.

"ఉన్నది. ఖిల్లా ఘణపూర్ల బిడ్డె కాడ ఉన్నది. తుంటి ఇరిగింది, బయిటికి రాదు."

అమ్మ తల ఊపింది. ఉన్నదన్న మాట ఒక్కసారిగా లోపలికి పోలేదనుకుంటాను. కర్ర తీసుకుని రెండోదైన మా ఇంటివైపు నడిచింది. వాకిలి ముందు నిలబడి చాలాసేపు చూసింది. గోడ మొత్తం పాలలాగా ఉంది.

"గిదేంది బిడ్డా, గోడ గింత తెల్లగున్నది?"

"రెండు సార్లు సున్నమేసినం పెద్దమ్మా. నీలం గూడ కలిపినం. మస్తుగొచ్చింది గదా?"

"మస్తుగొచ్చింది. నా బాకీ యాడ వెట్టినవ్?"

అతనికి ముందు అర్థం కాలేదు. నేను చెప్పాను. సగంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతనికి తెలియని సంగతేం కాదు, మర్చిపోయాడు అంతే. చెత్త చెదారం ఎత్తి, బూజు దులిపి, చూడవచ్చేవాళ్లకు శుభ్రంగా కనబడాలని చేసిన పని. నేనే ఆ బాగుచేసే పనికి వచ్చి ఉంటే నేనూ సున్నం బకెట్ పట్టేదాన్నే.

"వాకిలి పక్కపొంటి నల్లగ ఏందో ఉండె," అన్నాడు. "పొగ మసి అనుకున్న. గీకి సున్నమేసిన."

"గీతలా, మరకనా? సక్కగ యాది చేసుకో."

"గీతలే పెద్దమ్మా. ఇప్పుడు అంటుంటే యాదికొస్తున్నది. నిలువు గీతలు."

"అంటే ఆమె రాలే," అన్నది అమ్మ. గట్టు మీద కూర్చున్నది. తల ఎత్తి, "ఎన్నుండె?" అని నన్ను అడిగింది.

"పదిహేడు."

"పద్దెనిమిది."

"పదిహేడమ్మా. ఇరవై మూడులోంచి ఆరు పోతే."

"నీకేం ఎర్క, పద్దెనిమిది," అన్నది అమ్మ. తర్వాత అతని వైపు తిరిగింది. "చెరిపింది నువ్వు. లైన్ల కాయిదా నీకెర్కనే గదా? మీ ఇంటి మేక ఒకపారి, నువ్వొకపారి."

అతను గట్టిగా నవ్వాడు. "మేకంటే మూడిటితోనే పోయింది పెద్దమ్మా. నేను మొత్తం ముంచిన."

నవ్వుతూనే ఫోన్ తీశాడు. అత్త బిడ్డ నంబరు ఉంది అతని దగ్గర. పెద్దగా వినబడేట్టు పెట్టి అమ్మ ముందు పట్టుకున్నాడు. ఎవరో ఎత్తారు, ఎవరినో పిలిచారు, కాసేపు గిన్నెల చప్పుడు.

"ఎవలు?"

"నేనే వదినె. లైన్లల్ల నీ పక్కింటామెను."

"అయ్యో వదినె! ఇంక బత్కే ఉన్నవా?"

"నీ బాకీ ఉండె గదా, యాడికి పోత?"

అవతలి నవ్వు ఫోన్‌లో గరగరమంది. ఇద్దరూ ముందు కొడుకుల గురించి, మోకాళ్ల గురించి, తుంటి గురించి మాట్లాడుకున్నారు. అత్త పుణెలో ఎన్నో ఏళ్లు ఇటుకలు మోసింది. తిరిగొచ్చాక ఒకసారి లైన్ల దాకా వచ్చిందట. మిల్లు గేటుకు తాళం వేసి ఉంటే బయటినుంచే చూసి పోయింది. గోడ ముట్టుకోలేదు. ఆ సంగతి విన్నప్పుడు అమ్మ కొంగుతో మూతి తుడుచుకున్నది.

తర్వాత అసలు విషయం వచ్చింది. ఈ అబ్బాయి సున్నం వేసి గీతలు చెరిపాడని అమ్మ చెప్పింది. చెరిపినవాడిది బాకీ అని అతనే ఒప్పుకుంటున్నాడని, కానీ తనకు అది ఇష్టం లేదని కూడా చెప్పింది.

"నా కొడుకు ఆ నీల్ల మీద బత్కిండు. ఈయన మోస్తే నాదెట్ల తీరుతది?"

"కాయిదా కాయిదానే గదనే వదినె," అన్నది అత్త.

"అయితే నాకెంత, ఆయనకెంత?"

"ఇద్దరూ మోయుండ్రి. నాకేం పోయింది? ఎన్నున్నయి?"

"పద్దెనిమిది."

"పదిహేడు అత్తా," అన్నాను నేను.

"పదిహేడే. పిల్ల జెప్పిందే కరెక్టు."

"ఎట్లనే? నేను మరుస్తనా?" అన్నది అమ్మ.

"ఒకనాడు మీ కడప కాడ బిందె జారి నీల్లన్నీ ఒలికె. యాది లేదా? ఒలికినదానికి గీత ఎట్ల గీస్త?"

"నువ్వు ఇచ్చినవ్ గదా," అన్నది అమ్మ. "ఇచ్చినట్లే లెక్క." ఇన్నేళ్లూ ఇద్దరి లెక్కల మధ్య ఒక బిందె తేడా ఉండడానికి కారణం అదీ. ఇద్దరిదీ తప్పు కాదు. గోడ మీద గీసినామె లెక్కే చెల్లుతుంది కాబట్టి పదిహేడు దగ్గర నిలిపాం.

ఆ వారంలోనే పెద్దమందడి మీదుగా ఖిల్లా ఘణపూర్ పోయాం, నేనూ అమ్మా. బాయిలరాయన కొడుకు దుకాణం మూసి బండి మీద వచ్చాడు. మ్యూజియంలోంచి తారు అతుకు బిందెను తాడుతో వెనక సీటుకు కట్టుకుని తెచ్చాడు. అత్త వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. బాగా సన్నబడింది. అమ్మ పోయి మంచం అంచున కూర్చుంటే ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, నన్నూ అతన్నీ చూశారు, పని మొదలుపెట్టమన్నట్టు.

వాళ్ల ఇంట్లో నల్లా ఉంది. కానీ ఇంట్లో నల్లా తిప్పి నింపితే అది మోసినట్టు కాదని అత్త ముందే తేల్చేసింది. వీధి మలుపులో బోరింగు ఉంది. అతను కొట్టాడు, నేను పట్టాను. మొదటి బిందె నేనే భుజానికెత్తుకుని తెచ్చి డ్రమ్ములో పోశాను. ఏళ్ల తర్వాత ఎత్తిన బరువు. దారిలో రెండు చోట్ల తొణికింది.

"ఒలికింది," అన్నాడు అతను వెనకనుంచి.

"తొనికితే ఒలికినట్టు గాదు," అన్నది అత్త మంచం మీదనుంచి. "అది చెల్లుతది."

అతను రెండు తెచ్చాడు. నేను మొదటిదానితో కలిపి రెండు తెచ్చాను. అప్పుడు అమ్మ లేచింది. ఎంత చెప్పినా వినలేదు. మోకాళ్లతో నిండు బిందె ఎట్లాగూ మోయలేదని సగమే పట్టాను. కర్ర ఒక చేత్తో, బిందె నడుముమీద, మధ్యలో రెండుసార్లు ఆగి వచ్చింది. డ్రమ్ములో పోసి అత్త వైపు చూసింది.

"సగం బిందెకు గీత వోదు వదినె," అన్నది అత్త.

నాకు కోపం వచ్చింది. ముసలామె అంత కష్టపడి తెస్తే ఆ మాట ఏమిటని నోటిదాకా వచ్చింది. అమ్మ మొహం చూసి ఆగాను. ఆమె మొహంలో కోపం లేదు. సంతోషంగా ఉంది, తన బాకీని లెక్కలోకి తీసుకునే మనిషి ఇన్నాళ్లకు దొరికినందుకు. "నాకెర్కనే," అని మళ్లీ బోరింగు దిక్కు పోయింది. ఇంకో సగం తెచ్చి పోసింది. రెండు సగాలు కలిసి ఒకటి.

అక్కడికి ఐదు. డ్రమ్ము అంచుదాకా వచ్చింది. ఇంకో బిందె తేవడానికి అమ్మ నిలబడే ఉంది.

"సాలు, ఇంక యాడ పోస్తరు?" అన్నది అత్త. "మిగిలినయి నాకు అవసరమున్ననాడు తీస్కుంట. అప్పుడు పిలుస్త."

"అంతవరకు నేనుంటనో లేదో."

"ఆ మాట నేననాలె. ఇచ్చేదానివి నీకేం తొందర? తీస్కునేదాన్ని నేను."

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. తింటూ ఇంకో చిక్కు వచ్చింది. ఐదు గీతలు తుడవాలి. గీసిన చెయ్యే తుడవాలి. ఆ చెయ్యి ఘణపూర్‌లో ఉంది, గోడ గద్వాలలో ఉంది, పైగా గోడ మీద ఇప్పుడు గీతలే లేవు. అత్త ఆలోచించి, తలగడ కింద మడతపెట్టి ఉన్న తన పాత చీర ముక్క ఒకటి తీసి అమ్మకిచ్చింది.

"గిది నా గుడ్డ. నా చెయ్యనుకో."

తర్వాతి ఆదివారం మళ్లీ గద్వాల పోయాం. బాయిలరాయన కొడుకు అప్పటికే వాకిలి పక్కన చెయ్యి వెడల్పున సున్నం గీకి గోడ తేల్చి పెట్టాడు. కింద పాత బొగ్గు గీతల ఆనవాలు ఏదీ దొరకలేదు. అమ్మ చెప్పినట్టు అతనే బొగ్గు తీసుకుని గీశాడు, చెరిపినవాడు కాబట్టి. నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. పదిహేడు. అమ్మ, అత్త ఇచ్చిన గుడ్డను తడిపి, ఎడమనుంచి ఐదు తుడిచింది. తడి మరక నల్లగా చాలాసేపు కనబడింది, తర్వాత ఆరిపోయింది.

మ్యూజియంకు వచ్చినవాళ్లు ఆ మురికి గోడ ఏమిటని అడుగుతారట. అతను చెబుతాడట. కొందరు వింటారు, కొందరు సున్నం అయిపోయిందా అంటారు. ఆ మేర మాత్రం మళ్లీ వేయనని నాకు మాటిచ్చాడు.

ఎండాకాలం వచ్చి పోయింది. మొదటినుంచీ అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది, నీళ్లు కావాలా అని. అత్త ఒక రోజు చాలంది, ఒక రోజు వద్దంది, ఒక రోజు ఎత్తలేదు. వానలు మొదలయ్యాక మళ్లీ చేస్తే, ఇప్పుడెందుకు, వచ్చే ఎండాకాలం చూద్దామంది. అమ్మ నన్ను పిలిచి బాకీ ఎంతుందో చెప్పమంది. ఆమెకు తెలుసు. అయినా నా నోటినుంచి వినాలనుకుంటుంది.

పన్నెండు బిందెలు.